పోలమ్మ పేరు వచ్చేదాకా

పలాసలో వైజయంతి అనే అమ్మాయి ఉండేది. ఎదుటివాళ్ళు మాట సగం చెప్పేలోపే మిగతా సగం తానే చెప్పేసేది.

చెడ్డబుద్ధితో కాదు. తొందర, అంతే. అన్నం పొగలు కక్కుతుండగానే నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకునేది. బస్సు పూర్తిగా ఆగకముందే దిగిపోయేది. కూరగాయల కొట్లో ముందున్నావిడ "బెండకాయలు ఒక…" అనగానే వెనకనుంచి "అరకిలో" అని ఈమె అందించేది. పాపం ఆవిడకు కావలసింది కిలో. అయినా మొహమాటపడి అరకిలోయే సంచిలో వేయించుకుని వెళ్ళిపోయేది.

ఆ వైజయంతికి ఒక మంచి విద్య ఉండేది. వీడియోలు చేసేది. ఎవరూ దగ్గర కూర్చుని నేర్పలేదు. పెళ్ళిళ్ళు తీసే స్టూడియోలో ఫోటోలు కడిగే పనికి చేరి, పక్కవాళ్ళ భుజాల మీదుగా చూసి, చెడగొట్టి, తిట్లు తిని, మళ్ళీ చేసి నేర్చుకుంది. నాలుగు ఫోటోలు, ఒక గొంతు, చిటికెడు సంగీతం ఇస్తే చాలు, చూసేవాళ్ళ కళ్ళు తడిసేలా చేయగలిగేది.

ఆ ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీ ఉండేది. అక్కడ తెలుగు చెప్పే లోకనాథం మాస్టారు ఈ సంగతి విని ఆమెకు కబురు చేశారు.

"మా పిల్లలు పరీక్షల్లో పేజీలు పేజీలు రాస్తారమ్మా. తమ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పుకోరు. వాళ్ళ అనుభవాలు వాళ్ళ గొంతుతోనే, వాళ్ళ ఫోన్లలోనే చిన్న చిన్న కథలుగా చేయించి…" అన్నారు మాస్టారు.

"వార్షికోత్సవంలో తెరమీద వేయించాలి. అంతేగా మాస్టారూ?" అంది వైజయంతి.

మాస్టారు నవ్వారు. "గ్రంథాలయ వారోత్సవంలో అనబోయాను. సరేలే, వార్షికోత్సవమే బాగుంది."

అలా పని మొదలైంది. సాయంత్రం క్లాసులు అయ్యాక పిల్లలంతా లైబ్రరీ గదిలో గుండ్రంగా కూర్చునేవాళ్ళు. దానికి వాళ్ళే 'కథల చుట్టు' అని పేరు పెట్టుకున్నారు. ఒక్కొక్కరూ తన జీవితంలో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పాలి. తర్వాత దాన్ని ఫోన్లో గొంతు రికార్డు చేయాలి. ఇంటినుంచి ఫోటోలు తెచ్చి గొంతుకు జతచేయాలి. ఎలా చేయాలో వైజయంతి నేర్పేది. ఓపిగ్గా కాదుగానీ ప్రేమగా నేర్పేది.

మొదటిరోజు ఢిల్లేశ్వరరావు అనే కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. అందరూ అతన్ని ఢిల్లీ అని పిలిచేవాళ్ళు.

"మా నాన్న ఆటో…"

"అమ్మేశాడు," అంది వైజయంతి జాలిగా.

"లేదక్కా, కొన్నాడు."

"ఆఁ, అదే. కొన్నాక నష్టం వచ్చి…"

"నష్టమేటి రాలేదక్కా! అక్కా, పోనీ మీరే చెప్పీయండి. నా కథేటో వినాలని నాక్కూడా ఉంది!"

గదంతా గొల్లుమంది. వైజయంతి కూడా నవ్వింది. నవ్వి, ఢిల్లీ కథ పూర్తయ్యేలోపు ఇంకో నాలుగుసార్లు అందుకుంది. ఢిల్లీ గడుసువాడు కాబట్టి ఆమెను నెట్టుకుంటూ తన కథ తాను చెప్పుకున్నాడు. అందరూ ఢిల్లీలా ఉండరు కదా.

ఆ చుట్టులో దమయంతి అనే అమ్మాయి ఉండేది. రెండో సంవత్సరం చదువుతోంది. ఆమెకు చిన్నప్పటినుంచీ నత్తి. ముఖ్యంగా 'ప' అనే అక్షరం దగ్గర మాట ఇరుక్కుపోయేది. పెదవులు కలుసుకుని ఇక విడివడేవి కావు. అందుకని ఆమె ఎక్కడా నోరు తెరిచేది కాదు. అలాంటి పిల్ల తనంతట తాను వచ్చి చుట్టులో కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు వెనక్కి జరగలేదు.

"మా అమ్మ జీడిపప్పు షెడ్డులో… ప… ప…"

"పని చేస్తుంది," అంది వైజయంతి.

దమయంతి తల ఊపింది. "అక్కడ ప… ప…"

"పొట్టు తీస్తారు, తెలుసు. వేళ్ళు నల్లబడి, చర్మం ఊడిపోతుంది. పాపం! ఆ చేతులతోనే నీకు అన్నం కలిపి పెడుతుంది. నువ్వు బాగా చదువుకుని ఆ చేతులకు విశ్రాంతి ఇవ్వాలనుకుంటున్నావు. అబ్బ, ఎంత మంచి కథో!" వైజయంతి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అప్పటికే కాగితం మీద రాసేస్తోంది కూడా.

దమయంతి కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. వైజయంతి చూడలేదు. చూసేసరికి దమయంతి తల నిలువుగా ఊపుతోంది. మాట రాని పిల్లలకు ఇది చిన్నప్పటినుంచీ అలవాటే. కాదని వివరించడానికి చాలా మాటలు కావాలి. అవుననడానికి తల చాలు.

ఇంతకీ దమయంతి చెప్పాలనుకున్న కథ వేరు.

ఆమె మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సమస్య వచ్చింది. క్లాసులో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనాలి. ఆ మొదటి అక్షరమే రాదు. పెద్ద క్లాసు. సార్లు తల వంచుకుని వరసగా పేర్లు పిలుచుకుంటూ పోయేవాళ్ళు. ఈమె పెదవులు విడివడేసరికి తర్వాతి పేరు పిలిచేసేవాళ్ళు. బెంచీలో కూర్చుని ఉండగానే ఆమె రోజూ గైర్హాజరు అయ్యేది. హాజరు తగ్గిపోతోంది, పరీక్షకు కూర్చోనివ్వరు అనే దాకా వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోవాలన్నా మాటే కదా కావలసింది.

అదే సమయంలో తుఫాను వచ్చి స్తంభాలు పడిపోయాయి. ఇళ్ళల్లో కరెంటు లేదు. షెడ్డులో జనరేటర్ ఉంది. తల్లి సీతాలు దమయంతిని పుస్తకాలతో సహా షెడ్డుకు తీసుకువెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిన్న కత్తులతో పప్పు మీది పొట్టు తీస్తున్నారు. వాళ్ళందరిలోకీ పెద్దది పోలమ్మ. పక్కన కూర్చున్న పిల్ల ఏడుస్తోందని ఆమె చూడకుండానే పసిగట్టింది.

"ఏటే గుంటా, ఎందుకేడుస్తన్నావు?"

దమయంతి చెప్పడం మొదలుపెట్టింది. మాట ఇరుక్కుంది. ఎవరూ తలెత్తలేదు. తలెత్తితే కత్తి తప్పి, నిండుగా ఉండాల్సిన గుండుపప్పు బద్దలైపోతుంది. కాబట్టి అందరి కళ్ళూ చేతులమీదే. చెవులు మాత్రం ఇటే. ఎవరూ ఆమె పెదవులకేసి చూడలేదు, ఎవరూ మాట అందించలేదు. దమయంతి జీవితంలో మొదటిసారి ఒక వాక్యం మొదలుపెట్టి, తానే ముగించింది.

"ఇంతేనా?" అంది పోలమ్మ. "అయితే మనమూ పిలుసుకుందాం హాజరు."

అప్పటినుంచి రోజూ షెడ్డులో హాజరు పిలుపు. పోలమ్మ పిలిచేది. "సీతాలూ!" "ప్రెజెంటు!" "కామాచ్చీ!" "ప్రెజెంటు!" బడి గుమ్మం తొక్కని ఆడవాళ్ళు పొట్టు తీస్తూనే నవ్వుతూ పలికేవాళ్ళు. చివరికి "దమయంతీ!" అనేది పోలమ్మ. అప్పుడు షెడ్డంతా నిశ్శబ్దం. కత్తుల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒక్కోసారి వెంటనే వచ్చేది, ఒక్కోసారి బోలెడు పప్పు ఒలిచేదాకా వచ్చేది కాదు. వచ్చేదాకా పోలమ్మ తర్వాతి మాట ఎత్తేది కాదు.

ఒకరోజు కాలేజీలో సారు "దమయంతి" అని పిలిచారు. దమయంతి కళ్ళు దించుకుని, తన చేతిలో ఒక పప్పు ఉన్నట్టు ఊహించుకుంది. "ప్రెజెంట్ సార్" అంది. సారు తలెత్తి చూశారు. అప్పటినుంచి ఆమె పేరు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు.

ఆ కబురు చెప్పినప్పుడు షెడ్డంతా సంబరపడింది. పోలమ్మ మాత్రం దొంగ అలక నటించింది. "అందరి పేర్లూ నాను పిలుస్తన్నాను. నా పేరు ఎవులూ పిలవరేటే?"

నిజమే. దమయంతి ఆమెను ఎప్పుడూ మామ్మా అనే పిలిచేది. ఆ పేరు కూడా 'ప'తోనే కదా మొదలు!

"నేను పి… పిలుస్తాను మామ్మా," అంది.

"పిలువు. పిలిసినప్పుడు పలుకుతానులే."

ఇప్పుడు పోలమ్మ కళ్ళు మసకబారాయి. పొట్టేదో పప్పేదో తెలియడం లేదు. పని మానేసి బరంపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. వెళ్ళేలోపు ఒక్కసారి ఆమె పేరు పిలవాలి, ఆమె వినాలి. దమయంతి కథల చుట్టులో చేరింది అందుకే.

వైజయంతి రాసిన కాగితం చూసి దమయంతి చివరి ప్రయత్నం చేసింది. "అక్కా, చివర్లో మా షెడ్డు మామ్మ… పో… పో…"

"ఎవరికైనా కృతజ్ఞతలు చెప్పాలా? షెడ్డులో పెద్దావిడకా? తప్పకుండా చెప్పు. పేరెందుకు, చూసేవాళ్ళకి ఆవిడెవరో తెలీదు కదా. 'నన్ను ఆదరించిన ఒక పెద్దావిడకు' అను. హాయిగా వస్తుంది."

నిజంగానే హాయిగా వచ్చింది. వైజయంతి ఆ కాగితం దమయంతి చేత చదివించి రికార్డు చేసింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, మాట ఆగినచోటల్లా కత్తిరించింది. రెండుసార్లు పలికిన అక్షరాలు తీసేసింది. ఊపిరి చప్పుడు తీసేసింది. వెనక సన్నగా వేణువు పెట్టింది. వినిపించేసరికి దమయంతి నోరు తెరిచింది.

"ఇది నేనేనా అక్కా?"

"నువ్వే! చూశావా ఎంత బాగా మాట్లాడతావో?"

దమయంతి ఇంటికి వెళ్ళేదాకా చెవిలో అదే పెట్టుకుని విన్నది. ఎక్కడా తట్టుకోకుండా పరిగెత్తే తన గొంతు! ఆమెకు వైజయంతి దేవతలా కనిపించింది. పోలమ్మ పేరు లేదన్న సంగతి మనసులో ఒక మూల గుచ్చుకుంది. కానీ ఆ వేణువు ముందు అది చిన్నదిగా అనిపించింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. షెడ్డులోని ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చి ముందువరసలో కూర్చున్నారు. సీతాలు పోలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పక్కన బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని వైజయంతి కూర్చుంది.

"మా గుంట నా పేరు పిలుస్తాదంట తల్లీ," అంది పోలమ్మ, ఎవరితోనో తెలియకుండానే వైజయంతితో. "తెర నాకు అగుపడదు. ఇంటానుగా, సాలు."

వైజయంతికి ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఢిల్లీ కథ అయింది. చప్పట్లు. ఇంకొకరిది అయింది. తర్వాత దమయంతి కథ. నల్లబడిన చేతులు, అన్నం ముద్ద, వేణువు. హాల్లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మారుమోగాయి. దమయంతి వేదిక పక్క మెట్టుమీద నిలబడి ముందువరసకేసి చూసింది.

పోలమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. కొడుతూ సీతాలువైపు తిరిగింది.

"సక్కగా సెప్పినాది. ఎవుల బిడ్డే? అందరూ సప్పట్లు కొడతన్నారు. మరి మన దమయంతిది ఎప్పుడేస్తారు?"

సీతాలు ఆమె చెవి దగ్గరికి వంగింది. మెల్లగా అంది. "అదే… అయిపోనాదే."

"అయిపోనాదా?" పోలమ్మ చేతులు ఆగిపోయాయి. "నా పేరు పిలవలేదే?"

కోపంగా అనలేదు. తనే సరిగ్గా వినలేదేమో అన్నట్టు అంది. కళ్ళు పోయాయి, ఇక చెవులు కూడా పోతున్నాయి కాబోలు అనుకున్నట్టు, చేతితో చెవి తడుముకుంది.

వైజయంతి అంతా విన్నది. ఏదో ఒకటి చెప్పి సర్దేయాలని నోరు తెరిచింది. ఆశ్చర్యం, ఆమెకు మొదటిసారి మాట దొరకలేదు. మెట్టువైపు చూసింది. అక్కడ దమయంతి లేదు.

కార్యక్రమం అయ్యాక దమయంతి లైబ్రరీ వరండాలో కనిపించింది. స్తంభానికి ఆనుకుని కూర్చుంది. వైజయంతి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"నా మీద కోపం వచ్చిందా?"

దమయంతి తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. వైజయంతి అరచేతులు దురద పుట్టినట్టు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. కానీ నోరు విప్పలేదు.

"మీ త… తప్పు కాదక్కా," అంది దమయంతి చివరికి. "ఆ గొంతు నాకూ నచ్చింది. నత్తి లేకపోతే నేనెలా ఉంటానో వి… విన్నాను. కానీ మామ్మ నన్ను గుర్తు ప… ప… పట్టలేదు."

"అసలు నువ్వేం చెప్పాలనుకున్నావు?"

ఆ ప్రశ్న మొదటిరోజే అడగవలసింది. అడిగి ఊరుకోవలసింది. ఇప్పుడైనా అడిగింది, ఊరుకుంది. హాల్లో కుర్చీలు ఒకదానిమీద ఒకటి వేస్తున్న చప్పుడు వినిపిస్తుండగా దమయంతి తన కథ చెప్పింది. మాట ఆగినచోట ఆగింది, మొదలైనచోట మొదలైంది. హాజరు పిలుపు దగ్గరికి వచ్చేసరికి వైజయంతి తల వంచుకుంది.

"మామ్మ రేపు మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోతోంది," అని ముగించింది దమయంతి.

"అయితే పొద్దున్నే మనం…" అని మొదలుపెట్టి వైజయంతి నాలుక కరుచుకుంది. "కాదు. నువ్వు చెప్పు. ఏం చేద్దాం? ఎదురుగా వెళ్ళి చెప్పేస్తావా?"

"చె… చెప్తాను. కానీ అక్కడ కూతురు తప్ప ఆమెకు తెలిసినవాళ్ళెవరూ ఉండరు. కళ్ళు కనబడవు. కూతురి ఫోన్లో నా గొంతు ఉంటే, ఎప్పుడంటే అప్పుడు… ప… ప…"

వైజయంతి నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేసింది. మింగడం అన్నం మింగినంత తేలిక కాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"…పలుకుతుంది," అంది దమయంతి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డుకు వెళ్ళారు. పనివాళ్ళు ఇంకా రాలేదు. మేస్త్రీ తలుపు తీసి, ఒక తట్టలో పొట్టు తీయాల్సిన పప్పు పోసి వెళ్ళాడు. దమయంతి పోలమ్మ కూర్చునే చోట కూర్చుంది. వైజయంతి ఫోన్ మధ్యలో పెట్టి, ఆత్రంగా ఆమె ముఖంలోకి చూసింది.

"అక్కా, నా మొహం చూడకండి."

"మరెక్కడ చూడను?"

దమయంతి తట్ట ఆమె ముందుకు తోసి, కత్తి చేతికిచ్చింది. "షెడ్డులో అందరూ ఇక్కడే చూస్తారు."

వైజయంతి పొట్టు తీయడం మొదలుపెట్టింది. దమయంతి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి పప్పు బద్దలైంది. రెండోదీ బద్దలైంది.

"అక్కా," అంది దమయంతి కథ ఆపి, "ఇలాగైతే మేస్త్రీ మనిద్దరినీ గెంటేస్తాడు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు కూడా రికార్డయింది. తర్వాత వైజయంతి చేతులు నెమ్మదించాయి. చేతులు నెమ్మదించాక మనసు కూడా కాస్త నెమ్మదించింది. కథ తుఫాను దాటింది, హాజరు దాటింది, చివరికి వచ్చింది. ఇక ఆ పేరు రావాలి. దమయంతి పెదవులు కలుసుకున్నాయి. విడివడలేదు.

వైజయంతికి ఆ పేరు తెలుసు, ఇందాకే మేస్త్రీ నోట విన్నది. నాలుక చివరే ఉంది. ఇంతసేపు ఒక మాటకోసం ఎదురుచూడడం ఆమె పుట్టి ఎరగదు. పప్పుమీద కత్తి ఆన్చి, దానివైపే చూస్తూ ఉండిపోయింది. పైకప్పు రేకులమీద పిచ్చుకలు గంతులేస్తున్నాయి. పొట్టు సన్నగా, ఎక్కడా తెగకుండా ఊడివచ్చింది. ఆమె చేతిలో మొదటిసారి ఒక గుండుపప్పు మిగిలింది.

అప్పుడు ఆ పేరు వచ్చింది.

వైజయంతి అక్కడే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తెరమీద గొంతు ఎత్తుపల్లాల గీతలా కనిపిస్తోంది. పేరుకు ముందు ఆ గీత చాలా దూరం చదునుగా ఉంది. ఆమె వేలు అలవాటుగా కత్తెర గుర్తుమీదికి వెళ్ళింది. వెనక్కి వచ్చేసింది. వేణువు పెట్టలేదు. నవ్వు తీయలేదు. ఏమీ తీయలేదు.

ఎండెక్కేసరికి అందరూ వచ్చారు. పోలమ్మ మూట పట్టుకుని కూతురితో కలిసి సెలవు తీసుకోవడానికి వచ్చింది. మూట మోయడానికి ఢిల్లీ తన తండ్రి ఆటో తెచ్చాడు. ఆడవాళ్ళు తట్టల ముందు కూర్చున్నారు. దమయంతి ఆ గొంతు కూతురి ఫోన్లోకి ఎక్కించి, ఫోన్ పోలమ్మ ఒళ్ళో పెట్టింది.

గొంతు మొదలైంది. మొదటి మాట తట్టుకోగానే పోలమ్మ ముఖం విప్పారింది. "ఆఁ! ఇది మా పిల్ల!"

చేతులు ఆడుతున్నాయి, చెవులు వింటున్నాయి. తమ పేర్లు హాజరులో వచ్చినప్పుడు ఒక్కొక్కరూ తలవంచుకుని నవ్వుకున్నారు. కథ చివరికి వచ్చింది.

"నాకు మాట ఇచ్చింది మా మామ్మ. ఆమె పేరు ప్… ప్…"

ఫోన్ మౌనమైపోయింది. ఢిల్లీ వంగి చూశాడు. "ఏటిది, ఆగిపోనాదా? నెట్ లేదేటి?"

"ఊరుకో బాబూ," అంది పోలమ్మ. "వస్తాది."

అందరూ ఆగారు. సీతాలు కత్తి కూడా ఆగింది. గుమ్మంలో నిలబడ్డ వైజయంతి తట్టలోని పప్పులకేసి చూసింది. ఏం వస్తుందో తెలిసినా, మళ్ళీ కొత్తగా ఎదురుచూసింది.

"…పోలమ్మ."

పోలమ్మ చెయ్యి పైకెత్తింది. క్లాసులో పిల్లలు ఎత్తినట్టే ఎత్తింది.

"ప్రెజెంటు!"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. దమయంతి వెళ్ళి పోలమ్మ భుజంమీద ముఖం దాచుకుంది. ఫోన్లో గొంతు ఇంకా ఆగలేదు. పనిలోపనిగా ఇంకో మాట కూడా చెప్పింది.

"ఇంకా… నోరు మూసుకుని నాకు సాయం చేసిన మా వైజయంతి అక్కకు కూడా కృతజ్ఞతలు."

ఢిల్లీ ఈల వేశాడు. "అక్కా, నోరు మూసుకున్నారా! నమ్మలేకపోతన్నాను!"

"నేను కూడా," అంది వైజయంతి కళ్ళు తుడుచుకుంటూ.

పోలమ్మ ఆమెకోసం గాలిలో చెయ్యి చాచింది. వైజయంతి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. పోలమ్మ ఆమె వేళ్ళు తడిమి చూసింది. వేళ్ళకు పొట్టు అంటుకుని ఉంది. "నువ్వూ మా దానివే అయిపోనావే," అంది.

పోలమ్మ రైలెక్కి వెళ్ళిపోయింది. బరంపురం నుంచి ఆమె కూతురు అప్పుడప్పుడు దమయంతికి ఫోన్ చేసేది. "మా యమ్మ రోజూ పొద్దున్నే అది పెట్టమంటాది. ఆకరికి సెయ్యెత్తి పలుకుతాది. మా ఆయన ఒకటే నవ్వు," అని చెప్పేది.

కాలేజీలో కథల చుట్టు మళ్ళీ మొదలైంది. ఈసారి వైజయంతి ఒక చేట నిండా వేరుశెనక్కాయలు తెచ్చి మధ్యలో పెట్టింది. చెప్పేవాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు కాయలు ఒలుస్తూ వినాలి. ఎవరూ ఎవరి ముఖంలోకీ గుచ్చిగుచ్చి చూడకూడదు. ఎంతసేపైనా సరే, మాట అందించకూడదు. అందించినవాళ్ళకు ఆ పూట పప్పులు ఉండవు. మొదట్లో ఎక్కువ పూటలు పప్పులు లేకుండా పోయింది వైజయంతికే. పోనుపోను ఆమె గుప్పిట కూడా నిండడం మొదలైంది. అదివరకు నోరు తెరవని పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టులో కూర్చున్నారు. వాళ్ళలో కొత్తగా చేరిన పిల్లలకు కాయలు ఒలవడం నేర్పేది దమయంతి.

కూరగాయల కొట్లో కూడా మార్పు వచ్చింది. ముందున్నావిడ "బెండకాయలు ఒక…" అని ఆగితే వైజయంతి పక్కనున్న వంకాయలకేసి చూస్తూ నిలబడేది. ఆవిడ ఆలోచించుకుని, "కిలో ఇవ్వు బాబూ," అనేది.

పిల్లలూ, ఎదుటివాళ్ళ మాట మనం పూర్తి చేస్తే అది మన మాట అవుతుంది. వాళ్ళ మాట వాళ్ళ నోటినుంచి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూడడమే వాళ్ళకు మనం చేయగల నిజమైన సాయం.